పసుపుకు ఎన్ని విజిల్స్?

ఆవు పేడను కిలోల లెక్కన తూచి, సంచిలో పెట్టి సీలు వేసి, కొరియర్లో పంపిస్తే డబ్బులిచ్చి తీసుకునే మనుషులు ఉన్నారని చెప్పిననాడు మా అత్తమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్ళు చల్లగానే ఉందని తేలాక, "ఎవలే వాళ్ళు? ఏ దేశపోళ్ళు?" అనడిగింది. మనవాళ్ళే అత్తమ్మా, హైదరాబాదోళ్ళే అన్నాను. పిడకలైతే అమెజాన్‌లో ఫొటోలతో సహా ఉన్నాయి, కొన్నవాళ్ళ అభిప్రాయాలు కూడా కింద రాసి ఉన్నాయి అంటూ ఫోన్ చేతికిచ్చాను. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని ఆ పిడకల బొమ్మను చాలాసేపు చూసింది. "అంచులు మంచిగ రాలేదు. గీ పిడకకు నేనైతే పైస గూడ ఇయ్య" అని ఫోన్ వాపసు ఇచ్చేసింది.

మాది జక్రాన్‌పల్లి. 44వ నంబరు హైవే మీద డిచ్‌పల్లి దాటాక, ఆర్మూర్ రాకముందు తగులుతుంది. విమానాశ్రయం వస్తుందని మా ఊరి పేరు అప్పుడప్పుడూ పేపర్లో పడుతుంటుంది కాబట్టి మీరు విని ఉంటారు. విమానం సంగతేమో గానీ పసుపు, ఎర్రజొన్న, మక్కలు మాత్రం ప్రతి ఏడూ వస్తాయి. నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేసి దిగిపోయాను. చేతినిండా పని ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు తీరిక దొరుకుతుందా అని చూశాను. దొరికాక దాన్నేం చేసుకోవాలో తోచలేదు. మస్కట్‌లో ఉన్న మా అబ్బాయి సెలవుకొచ్చి, కొత్త ఫోనొకటి చేతిలో పెట్టి, "అమ్మా, నీకు మొక్కలంటే ఇష్టం కదా" అని నన్ను మిద్దె తోటల గ్రూపులో చేర్పించి విమానమెక్కాడు.

మిద్దె తోట అంటే ఇంటి పైకప్పు మీద కూరగాయలు పెంచుకోవడం. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, దాని గురించి రాసి, ఎందరికో ఈ పిచ్చి అంటించారు. పిచ్చి అన్నది మా ఆయన మాట. నేను గ్రూపులో చేరేసరికి అందులో రిటైరైన బ్యాంకు మేనేజర్లున్నారు, సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు, డాలస్‌లో గోంగూర పెంచుతూ మంచు పడితే దాన్ని బతికించడమెలాగని దిగులుపడే అమ్మలున్నారు. రంగు డబ్బాకు అడుగున ఎన్ని కన్నాలు పొడవాలి, నీళ్ళ సీసాను తలకిందులు చేసి మొక్కకు చుక్కచుక్కగా తడి ఎట్లా అందించాలి, వంటింటి తొక్కలతో ఎరువెట్లా చేయాలి అని తెల్లారింది మొదలు రాత్రి పడుకునేదాకా ఒకరికొకరు నేర్పుకుంటూనే ఉంటారు. ఎవరినీ ఎవరూ పైసా అడగరు. చచ్చిన మొక్కకు ఫొటో తీసి పెట్టి, "నేనేం తప్పు చేశానో చెప్పండి" అని అడుగుతారు. అంత ధైర్యం మా ఊళ్ళో నేనెవరిలోనూ చూడలేదు. మా దగ్గర పంట పోతే తప్పు ముందు విత్తనం కంపెనీది, ఆ తర్వాత వానది, ఎవరూ దొరక్కపోతే పక్క పొలం వాడి దిష్టిది.

నేను బకెట్లో టమాట నారు పెట్టి మెట్లెక్కుతుంటే మా ఆయన కింద నుంచి చూశాడు. "నాలుగెకరాలు కింద పెట్టుకొని నెత్తి మీద యవుసం జేస్తున్నవా?"

ఊరంతా అదే అడిగింది. కానీ ఆ నాలుగెకరాల్లో టమాట చెట్టు ఒక్కటి లేదన్న సంగతి ఊరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక వైపు పసుపు, ఒక వైపు ఎర్రజొన్న, నీళ్ళు మిగిలితే మక్క. మిరపకాయ నుంచి కొత్తిమీర దాకా అంగట్లో కొనుక్కొచ్చుకునే రైతుల ఊరు మాది. ఈ మాట నేనంటే ఆయన తువ్వాల భుజాన వేసుకుని మోటరు బందు చేసి వస్తానని వెళ్ళిపోయాడు. మోటరు అప్పటికే బందు ఉంది, కరెంటు లేదు.

పని చేసే పద్ధతిని రాసి పదిమందికీ పంచడం ఫోన్లతో పుట్టింది కాదు. 'అన్నదాత' పత్రిక 1969 నుంచి ఆ పనే చేసింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'వైద్యుడు లేని చోట' పుస్తకం మా కాలంలో ఊళ్ళల్లో పనిచేసేవాళ్ళ సంచుల్లో ఉండేది. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండల్లోని పల్లెల కోసం మొదట స్పానిష్‌లో రాసిన పుస్తకమది. అమెరికాలో 2005లో ఇన్‌స్ట్రక్టబుల్స్ అని ఒకటి మొదలుపెట్టి, అట్టముక్కలతో కుర్చీ చేయడం నుంచి సైకిల్‌కు మోటారు బిగించడం దాకా మెట్టుమెట్టుగా ఫొటోలు తీసి పెడుతున్నారని మా అబ్బాయి చూపించాడు. అట్టకుర్చీ చూసి మా అత్తమ్మ, "కూసుంటే ఆగుతదా?" అంది. వాళ్ళు కూర్చున్న ఫొటో కూడా పెట్టారు. సన్నటి మనిషిని కూర్చోబెట్టారని ఆమె అనుమానం.

నేనూ నా ఉద్యోగంలో ఇట్లాంటి పద్ధతి ఒకటి ఊరందరికీ నేర్పినదాన్నే. పిల్లలకు విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళల్లో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా టీ చెంచా, తలకొట్టి కొలవాలి. అంతే పాఠం. దానికి తల్లులు వేసే ప్రశ్నలు మాత్రం ఏళ్ళతరబడి సాగాయి. "అరచెంచా అంటే చిటికెడా మేడం?" "మా చెంచా పెద్దగుంటది మరి." "చక్కెర బదులు బెల్లం వేస్తే?" "ఉప్పు జరంత ఎక్కువేస్తే తొందరగ కట్టుకుంటదా?" ఈ ఆఖరి ప్రశ్న వింటే నాకు వెన్నులో చలి పుట్టేది, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే మంచి పోయి చెడు అవుతుంది. అందుకే గ్రూపులో ఎవరైనా "లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు" అని రాస్తే, చదువుతున్నకొద్దీ నా ప్రాణానికి హాయిగా ఉండేది. ఇంతకాలానికి కొలత చెప్పి మాట్లాడే మనుషులు దొరికారు అనుకున్నాను.

ఆ హాయి జీవామృతం దగ్గర చెదిరింది.

జీవామృతం అంటే నేలకు బలం కోసం పోసే ద్రావణం, విదర్భ రైతు సుభాష్ పాలేకర్ చెప్పిన పద్ధతి. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది, మన రెండు రాష్ట్రాల్లోనూ శిక్షణ శిబిరాలు పెట్టి ఎంతోమందికి నేర్పారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళల్లో పది కిలోల పేడ, పది లీటర్ల దాకా మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. రెండు రోజులు నీడలో పులియబెట్టాలి, పొద్దునా సాయంత్రం కట్టెతో కలపాలి. దాన్ని మిద్దె లెక్కకు దించితే ఇరవై లీటర్ల బకెట్టుకు కిలో పేడ, లీటరు మూత్రం, చెరో రెండువందల గ్రాముల బెల్లం, పిండి. ఇంతవరకూ లెక్క కుదిరింది. ఆవు నాటుదై ఉండాలి అన్నదగ్గర చిక్కొచ్చింది.

మా వాడలో ఉన్నవన్నీ బర్రెలు. ఆవులున్న ఒకరిద్దరివి జెర్సీలు. నాటావు ఊరి చివర నాకు వదినె వరసయ్యే ఆమె దగ్గరుంది. పేడకు ఆమె ఏమీ అనలేదు. మూత్రానికి మాత్రం, "అది నేను పోయిమంటే పోస్తదా వదినే? తెల్లారుగట్ల లేవంగనే పోస్తది, వచ్చి పట్టుకపో" అంది. చీకటితో చెంబు పట్టుకుని వెళ్ళి ఆవు వెనక నిలబడ్డాను. అది పడుకునే ఉంది. నెమరు వేస్తూ నావైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. వదినె ముగ్గేసింది, పాలు పిండింది, చాయ్ తాగింది, నాకూ ఇచ్చింది. చాయ్ గ్లాసు అందుకోవడానికి నేను చెంబు కింద పెట్టిన క్షణంలోనే ఆవు లేచి తన పని కానిచ్చుకుంది. "రేపు చాయ్ తాగకు" అని వదినె పద్ధతిలో ఒక మెట్టు చేర్చింది. ఏ వీడియోలోనూ లేని మెట్టు అది.

సరుకంతా కుదిరి బకెట్టు నింపాక గ్రూపులో కొత్త తగువు మొదలైంది. కలిపేటప్పుడు కట్టెను గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలని ఒకరన్నారు. ఎందుకని ఇంకొకరు అడిగారు. భూమి తిరుగుడుకు సంబంధం ఉందని ఒక ఇంజనీరు గారు వివరించారు. అయితే డాలస్‌లో ఎటు తిప్పాలని గోంగూర అమ్మ అడిగింది. ఆమెది కూడా ఉత్తరార్ధగోళమే కాబట్టి మార్పేమీ లేదు, ఆస్ట్రేలియా వాళ్ళు ఆలోచించుకోవాలని ఆయన తేల్చారు. ఈ లోపల మా అత్తమ్మ మిద్దెక్కి, బకెట్టులో కట్టె పెట్టి తన ఇష్టమొచ్చిన దిక్కుకు నాలుగుసార్లు తిప్పి దిగిపోయింది. టమాటాలు మాత్రం కాశాయి. ఏ తిప్పుడుకు కాశాయో తేల్చడం నా వల్ల కాలేదు.

మిద్దె మీది టమాటా తిన్నాక మా ఆయన పిచ్చి అన్న మాట మానేశాడు. మానేసి, తనూ ఫోన్ పట్టుకున్నాడు. ఆయనవి వేరే వీడియోలు. రైతులు సొంతంగా చేసుకున్న యంత్రాలు. పాత స్కూటరుతో కలుపు తీసేవాళ్ళు, సైకిల్ చక్రంతో మందు కొట్టేవాళ్ళు. మన దగ్గర ఇట్లాంటివాళ్ళను వెతికి పట్టుకోవడానికే పల్లె సృజన అని ఒక సంస్థ ఉంది. సైన్యంలో బ్రిగేడియర్‌గా చేసి రిటైరైన పోగుల గణేశం గారు దాన్ని నడిపిస్తూ ఊరూరా కాలినడకన శోధయాత్రలు చేయించారు. అనిల్ గుప్తా గారి హనీబీ నెట్‌వర్క్ తోవలోదే అది కూడా. ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గురించి మా ఆయన నాకు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పాడు. మల్లేశం తల్లి లక్ష్మి పోచంపల్లి చీరకు దారం చుడుతూ, అంటే ఆసు పోస్తూ, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడేది. అది చూడలేక అతను 1992లో మొదలుపెట్టి, అప్పులపాలై, అందరిలో నవ్వులపాలై, 1999లో యంత్రం పూర్తిచేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. "గాయనకు ఏ వీడియో ఉండె? ఎవలు చెప్పిండ్రు?" అని మా ఆయన నన్నే నిలదీశాడు. నిజమే. కానీ ఏడేళ్ళు పట్టింది కదా అన్నాను. పద్ధతి రాసి ఉంటే రెండోవాడికి ఏడేళ్ళు పట్టదు. ఈ ఒక్క విషయంలో నేను గ్రూపులవాళ్ళ పక్షమే.

పసుపు సంగతి సంక్రాంతి దాటాక వచ్చింది.

కూకట్‌పల్లిలో ఉండే ఒకమ్మ రంగు డబ్బాలో పసుపు కొమ్ము నాటింది. జూన్‌లో నాటి, ఆకులు పండబారాక జనవరిలో తవ్వింది. ముప్పావు కిలో వచ్చింది. కడిగి, పళ్ళెంలో పేర్చి, పక్కన దీపం పెట్టి ఫొటో తీసి పెట్టింది. గ్రూపంతా చప్పట్లు కొట్టింది. దీన్ని పొడి ఎట్లా చేసుకోవాలి అని అడిగేసరికి అందరూ నిశ్శబ్దం. అప్పుడెవరో, "మన గ్రూపులో ఆర్మూర్ దగ్గరావిడ ఉన్నారు కదా!" అన్నారు. ఆర్మూర్ అంటే పసుపుకు పేరు కాదు, చిరునామా. ఆర్మూర్ పేరుతో పసుపు రకమే ఉంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు పోటీకి నిలబడి, మొత్తం అభ్యర్థులను 185కు చేర్చి, ఓటు మిషన్లు గోడ పొడుగునా పేర్చుకునే పరిస్థితి తెచ్చారు. ఫారం ఎట్లా నింపాలో ఒకరికొకరు అప్పుడు నేర్పుకున్నారు చూడండి, అదీ పద్ధతి పంచుకోవడమంటే! బోర్డు 2025 సంక్రాంతినాడు, జనవరి 14న మొదలైంది. అటువంటి గడ్డ మీద పుట్టి, ముప్పావు కిలో పసుపు ఉడకబెట్టడం చెప్పలేకపోతే పరువేం కాను? రేపు చెప్తానని రాసేశాను.

మా ఇంట్లో పసుపు ఉడకబెట్టే పని ఎప్పుడూ మగవాళ్ళది. మా ఆయనకు చిన్నాయన వరసయ్యే మామ ఒకాయన ఉన్నాడు. ఉడకబెట్టే కాలమొస్తే చుట్టుపక్కల రైతులు ఆయన మాట వినే మంట ఆర్పుతారు. పొలంలో బాయిలర్ దగ్గర ఉన్నాడని తెలిసి వెళ్ళాను. ఆవిరికీ పొగకూ మనిషి కనిపించలేదు. దగ్గు వినబడ్డ దిక్కుకు వెళ్ళాను.

"మామా, పసుపు ఎంతసేపు ఉడకాలె?"

"తెలుస్తది."

"ఎట్ల తెలుస్తది?"

"వాసనొస్తది."

"ఎసొంటి వాసన?"

"ఉడికిన వాసన."

కాగితం మీద నేను రాసుకున్నది ఇంతే: వాసన. ఇంకో వైపు నుంచి నరుక్కొద్దామని, హైదరాబాద్‌లో ఒకామె ఇంట్లో పసుపు పండించింది, ఆమె కోసం అడుగుతున్నానన్నాను. ఎంత పండించింది అన్నాడు. ముప్పావు అన్నాను. "ముప్పావు టన్నా?" కాదు, కిలో. మామ మంట దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. "ముప్పావు కిలో పచ్చి పసుపు ఎండితే నూటయాబై గ్రాములు గూడ కాదు బిడ్డా. ఉడకబెట్టుడెందుకు? ఎవలదన్న పెండ్లి ఉంటే నలుగుకు ఇయ్యమను."

ఆ లెక్క మాత్రం నోటితో టక్కున వచ్చింది. పచ్చి పసుపు ఎండితే అయిదో వంతు మిగులుతుంది. ఆయనకు లెక్కలు రాక కాదు, క్వింటాళ్ళకు దిగువన లెక్కలు ఉంటాయని అనుకోలేదు, అంతే.

బతిమాలితే పాతకాలం పద్ధతి చెప్పాడు. బాయిలర్లు రాకముందు ఇనుప కడాయిలో పోసి, నీళ్ళు కొమ్ములు మునిగేదాకా పెట్టి, పైన పసుపాకులే కప్పేవాళ్ళు. గోళ (తల్లిదుంప) వేరే, కాడి (పిల్లకొమ్ము) వేరే ఉడకబెట్టాలి, ఎందుకంటే గోళ లావు, తొందరగా ఉడకదు. నురుగు పైకి పొంగుతుంది, తెల్లటి ఆవిరి ఘాటుగా కొడుతుంది. అప్పుడు ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చితే ఆగకుండా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసై విరుగుతుంది. నేను ఫోన్లో టైమ్ పెట్టుకుని, పక్కనే పొయ్యి మీద చిన్న గిన్నెలో గుప్పెడు కొమ్ములు వేసి కూర్చున్నాను. ముప్పావుగంట దాటాక మామ గిన్నెవైపు చూడకుండానే, "ఇగ దించు" అన్నాడు. పుల్ల గుచ్చితే దిగింది.

కూర్చుని పద్ధతి రాశాను. నీళ్ళింత, మంట ఇంత, మూత వదులుగా, ముప్పావుగంట నుంచి గంట, చీపురుపుల్ల పరీక్ష. జీవితంలో మొదటిసారి ఆర్మూర్ పసుపు విద్యను కాగితం మీదకు దించానన్న గర్వంతో పంపించాను.

మొదటి ప్రశ్న: "కుక్కర్‌లో అయితే ఎన్ని విజిల్స్ అండీ?"

రెండో ప్రశ్న: "మాది ఇండక్షన్ స్టవ్. మంట ఇంత అన్నారు, అది ఎంత?"

మూడోది కూకట్‌పల్లి అమ్మదే: "మా ఇంట్లో చీపురు ప్లాస్టిక్‌ది. టూత్‌పిక్ పనికొస్తుందా?"

టూత్‌పిక్ పనికొస్తుందన్నాను. విజిల్ సంగతి మామను అడిగితే, "పసుపు ఈలెందుకు కొడ్తది?" అన్నాడు. ఈలోపల గ్రూపు తనంతట తానే రెండుగా చీలింది. రెండు విజిల్స్ చాలన్నవాళ్ళు ఒక వైపు, నాలుగు కావాలన్నవాళ్ళు ఒక వైపు. వీళ్ళల్లో ఒక్కరు కూడా ఎన్నడూ పసుపు ఉడకబెట్టలేదు. ఒకాయన, "మా కుక్కర్ విజిల్ బలహీనంగా వస్తుంది, రెండు కలిపి ఒకటిగా లెక్కేయొచ్చా?" అనడిగారు. భూమి తిరుగుడు ఇంజనీరు గారు ఆవిరి పీడనం మీద ఒక పెద్ద వ్యాసం పెట్టారు, చివరలో ఎన్ని విజిల్సో రాయడం మరిచారు. నాకు మా అంగన్‌వాడీ తల్లులు గుర్తొచ్చారు. వాళ్ళకు ఎంత ఓపిగ్గా జవాబిచ్చానో అంత ఓపిగ్గానే, కుక్కర్ మూతకు విజిల్ తీసేసి మామూలు గిన్నెగా వాడుకోండని రాశాను. కూకట్‌పల్లి అమ్మ అట్లాగే చేసింది. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆ పూట మూడు అంతస్తుల వాళ్ళు తలుపు తట్టి ఏం కాలుతోందని అడిగారట.

ఉడకడం ఒక ఎత్తు, ఎండడం ఒక ఎత్తు. కల్లంలో పరిస్తే పది పదిహేను రోజులు పడుతుంది. ఆమె బాల్కనీకి ఎండ పొద్దున కాసేపే వస్తుంది. ఎండిందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగింది. నేను మామ నోటి నుంచి వచ్చే మాట ఏమిటో ముందే ఊహించుకుని, అయినా అడిగాను.

"ఇరిస్తే తెలుస్తది. టక్కుమంటది."

ఆ టక్కును ఎట్లా రాయాలి? ఆమెకే ఉపాయం తోచింది. కొమ్మొకటి ఫోన్ దగ్గర పెట్టి విరిచి, ఆ చప్పుడు రికార్డు చేసి పంపింది. నేను పొలానికి తీసుకెళ్ళి మామ చెవి దగ్గర పెట్టాను. ఆయన ఇంకో చెవి మూసుకుని విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. "లోపల తడి ఉన్నది. ఇంక రెండు దినాలు" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఇంకో చప్పుడు వచ్చింది. "ఇంకొక్క ఎండ." ఆ తర్వాత వచ్చిన టక్కుకు మామ మాట్లాడలేదు, తల ఊపాడు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుల గొంతులు మోసుకొచ్చే ఫోన్లో పసుపు కొమ్ము విరిగిన చప్పుడు విని మా పొలంలోవాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళు మళ్ళీ పనిలోకి వంగేదాకా నేను అక్కడి నుంచి కదలలేకపోయాను.

పాలిష్ పట్టడానికి మా దగ్గర తిరిగే డ్రమ్ములున్నాయి. ఆమె పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, అందులో కొమ్ములు పోసి, రెండు వైపులా ముడివేసి నేల మీద బాదింది. గోనెసంచి కన్నా అదే బాగా పట్టిందని ఫొటో చూసి మా ఆయన ఒప్పుకున్నాడు. ప్యాంటు కాలు అంత డ్రమ్ము చేస్తే మిద్దె తోటల వాళ్ళకు అమ్మొచ్చా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాడు. వెల్డింగ్ షాపుకు రెండుసార్లు పోయొచ్చినట్టున్నాడు, నాతో చెప్పలేదు.

ఈ గొడవంతా అయ్యాక, మళ్ళీ వానలు పడ్డాక మామ ఒకనాడు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, అటూ ఇటూ చూసి, "బిడ్డా, ఆ గుంపుల నన్ను గూడ ఎక్కియ్యరాదు?" అన్నాడు. వాళ్ళు ఆయనను వెతుక్కుంటూనే ఉన్నారు. కానీ చేరాలంటే నియమముంది, మీ మిద్దె ఎన్ని చదరపు అడుగులో చెప్పాలి. మామది రేకుల ఇల్లు. ఈ మాట రాస్తే గ్రూపు నడిపేవాళ్ళు కాసేపు తర్జనభర్జన పడి, టక్కు విన్న తాతగారికి నియమాలేమిటని చేర్చుకున్నారు.

చేరిన మర్నాడే ఆయన తన ప్రశ్న పెట్టించాడు. నేను టైపు చేశాను. మూడెకరాల పసుపు, నల్లరేగడి, లోతట్టు మడి. వానాకాలం నీళ్ళు నిలబడి దుంపకుళ్ళు వచ్చింది, ఆకులు పసుపు పచ్చబడి మొదలు మెత్తబడుతోంది. నీళ్ళు పోయేటట్టు కాలువ తీయాలని, విత్తనం కొమ్ము శుద్ధి చేయాలని కమ్మర్‌పల్లిలో చెప్పేదే, ఆయనకూ తెలుసు. ఇంకేమైనా కొత్తది ఉందా అని ఆయన ఆశ.

ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. వేపపిండి వేయండన్నారు. పసుపునీళ్ళు పోయండి, క్రిములు చస్తాయన్నారు, పసుపు పంటకే. అడుగున కన్నాలు సరిగ్గా ఉన్నాయా చూడండన్నారు. పాటింగ్ మిక్స్ మార్చమన్నారు. డాలస్ అమ్మ అన్నిటికన్నా ఓపిగ్గా, ఆప్యాయంగా రాసింది: తాతగారూ, మీ డబ్బాను కొన్నాళ్ళు వాన పడని చోటుకు, కొంచెం నీడకు జరిపి చూడండి.

చదివి వినిపించాను. మామ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. మూడెకరాలవైపు, అంటే మా గోడవైపు, ఒకసారి చూశాడు.

"మంచి మనుషులు" అన్నాడు. "అడుగు బిడ్డా, ఏ మూల నుంచి ఎత్తాల్నో."